పోలమ్మ ఎత్తిన ఫోను

పొద్దున ఆరింటికి బిట్రగుంటలో నెల్లూరు ప్యాసింజరు ఎక్కాను. ఒళ్లో అట్టపెట్టె, అందులో కొత్త రూటరు. మా కంపెనీ రొయ్యపిల్లల హేచరీ ముత్తుకూరు అవతల సముద్రం ఒడ్డున ఉంది. తొట్లలో నీళ్ల వేడి, ఉప్పు ఎంతుందో అక్కణ్నుంచి టెలిఫోన్ తీగ మీదే నెల్లూరు ఆఫీసుకు తెలియాలి. వారమై తెలియడం లేదు.

"టేప్‌రికార్డరా సారూ?" అన్నాడు ఎదుటి సీటాయన.

కంప్యూటర్లు ఫోన్లో మాట్లాడుకునే పెట్టె అన్నాను.

"మనుషులు మాట్లాడితేనే సరిగ్గా ఇనపడదు, ఇంక పెట్టెలా!"

నెల్లూరులో ఇడ్లీ తిని ముత్తుకూరు బస్సెక్కాను. వెళ్లేవాళ్లు ఎడమవైపు సీటు పట్టకండి, దారంతా ఎండ మొహాన కొడుతుంది. అక్కణ్నుంచి షేర్ ఆటో, ఆపైన ఇసుకలో నడక. హేచరీ చేరేసరికి పదకొండు.

అక్కడున్న పాత రూటరు బాగానే ఉంది. అది నెల్లూరుకు ఫోన్ చేస్తుంది, అక్కడి కంప్యూటరు వెంటనే పెట్టేసి, తన దగ్గర రాసి ఉన్న నంబరుకే తిరిగి చేస్తుంది. బయటివాళ్లు దొంగతనంగా చొరబడకుండా ఆ కట్టుదిట్టం. నేను చూస్తుండగానే తిరుగు ఫోను మోగింది. తొట్లు కడుగుతున్న పోలమ్మ చీపురు పారేసి పరిగెత్తుకొచ్చి అదే తీగకున్న ఫోను రిసీవరెత్తింది.

"అలో! అలో! ఏమయ్యా, నువ్వేనా?"

లైను తెగింది. వారంగా జరుగుతున్నది ఇదే. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకెత్తావమ్మా?"

"మా ఆయన వేటకెక్కిన బోటు వారమై తిరిగి రాలేదు సార్. యాడన్నా ఒడ్డుకు కొట్టుకొనిపోయుంటే ఫోను చేస్తాడు. ఆయనకు నోటికొచ్చే నంబరు ఇదొక్కటే. మోగతా ఉంటే ఎత్తకుండా ఎట్టా ఉండేది?"

నా కోపం ఏమైందో తెలియదు. ఇంకో లైను ఇప్పించమని ఆఫీసును అడిగాను. "అయ్యే పని కాదు. ముందు ఆ రిసీవరు పీకెయ్" అన్నారు. పీకేశాను. నెల్లూరు ఆఫీసు నంబరు తప్ప ఎవరు చేసినా లైను కోసెయ్యమని రూటరుకు చెప్పాను.

"ఆయన చేస్తే ఈ పెట్టె నాకు చెప్తాదా సార్?"

"చెప్పదమ్మా. బయటివాళ్లను రానివ్వదు."

"ఆయన బయటోడా సార్?"

వైర్లు సర్దుకున్నాను. ఆమె మళ్లీ చీపురందుకుంది గానీ కళ్లు పెట్టె మీదే ఉన్నాయి.

సాయంత్రం నెల్లూరులో ఆఫీసుకు వెళితే తొట్ల లెక్కలు చక్కగా వస్తున్నాయి. అక్కడివాళ్లు నా భుజం తట్టారు. తిరుగు ప్యాసింజర్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంత దిగులైన ప్రయాణం నేనెప్పుడూ చేయలేదు. పోలమ్మ ఎత్తిన ఆ ఫోను నా సంచిలోనే ఉంది. ఆయన ఏ ఒడ్డునో బతికుండి నంబరు తిప్పితే పెట్టె కీచుమనే కూత వినపడుతుంది, వెంటనే లైను తెగుతుంది. తప్పు నంబరు తిప్పాననుకుంటాడు. మళ్లీ తిప్పుతాడు. సరైన నంబరే అది, ఎన్నిసార్లు తిప్పినా పెట్టె తలుపు తియ్యదు.