తువ్వాలు కింద ముద్దల బేరం

మా నాయన చివరి ఏడాది గురించి బంధువులందరూ ఒక మాట చెప్పుకుంటారు. కొడుకు బడి ఉద్యోగం చేసుకుంటూనే తండ్రికి తన చేత్తో అన్నం కలిపి పెట్టాడని. పెళ్లిళ్లలో నా ఎదుటే అంటారు. నేను ఇన్నేళ్లూ తల వంచుకుని ఊరుకున్నాను. దాన్ని వినయం అనుకున్నారు. ఆయనకు తినిపించింది నా భార్య. మధ్యలో కొన్నాళ్లు ఆయన తినకపోవడానికి కారణం నేను.

నాయన ఆదోనిలో పత్తి దలాలి. రైతుకూ మిల్లు సేటుకూ మధ్య ధర తేల్చడం ఆయన పని. ఆ కాలంలో ధర నోటితో చెప్పేవారు కాదు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకునేవారు. లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టి నొక్కుతూ అంకెలు చెప్పుకునేవారు. చుట్టూ పదిమంది నిలబడినా బయటికి తెలిసేది తువ్వాలు కదలడం ఒక్కటే. తర్వాత మార్కెట్ యార్డులో వేలంపాట వచ్చింది, ఆ పద్ధతి పోయింది. నేను నేర్చుకోలేదు. చదువుకునేవాడికి అదెందుకని నాయనే అనేవాడు.

పంతొమ్మిది వందల ఎనభైల మొదట్లో ఆయనకు మతి తప్పసాగింది. చొక్కా చేతులు ఎటు తొడుక్కోవాలో తెలిసేది కాదు. పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు కూత వినబడితే వీధిలోకి పరుగెత్తేవాడు. నన్ను ‘సేటూ’ అని పిలిచేవాడు. ఇది వయసుతో వచ్చే జబ్బనీ, మందు లేదనీ, తిండి మాత్రం తగ్గనివ్వొద్దనీ డాక్టరు చెప్పాడు. సరిగ్గా ఆ తిండి దగ్గరే చిక్కు వచ్చింది. ఎంత బతిమాలినా, కసిరినా పళ్లు బిగించి గోడవైపు తిరిగేవాడు. దవడలు లోపలికి పోయాయి. ఇట్లాగే ఉంటే ఎన్నాళ్లు బతుకుతాడోనని భయపడ్డాం.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి నా భార్య పప్పన్నం పళ్లెం పక్కన పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుని ఉంది. ఇద్దరి చేతులూ తువ్వాలు కింద ఉన్నాయి. తువ్వాలు కదులుతోంది.

“ఏమిటిది?” అన్నాను.

“ఉండండి. మామ నాలుగు ముద్దలంటాండాడు. నేను పది కాడ ఉండా.”

ఆమెది ఎమ్మిగనూరు. వాళ్ల నాయన అక్కడి జాతరలో ఎద్దుల బేరాలు చేసేవాడట. అక్కడా ఇదే పద్ధతి. చిన్నప్పుడు తండ్రితో బొరుగుల కోసం ఆడుతూ ఆమె ఆ గుర్తులు నేర్చుకుంది. పెళ్లయి పన్నెండేళ్లయినా నాకు ఈ సంగతి తెలియదు. నేను అడిగిందీ లేదు.

నాయన ముఖంలో ఎన్నో నెలలుగా కనబడని మనిషి కనబడ్డాడు. కనుబొమలు ఎగరేశాడు. పెదవి విరిచాడు. విసురుగా చేయి లాక్కుని, లేచి గుమ్మం దాకా పోయి, ఎవరో వెనక్కి పిలిచినట్టు వచ్చి కూర్చున్నాడు. చివరికి ఎనిమిది దగ్గర, బేరం కుదిరినట్టు ఆమె చేయి ఒకసారి ఊపి వదిలాడు. ఎనిమిది ముద్దలు తిన్నాడు. తొమ్మిదోదానికి నోరు మూశాడు.

“నీకెట్లా తోచింది?” అని ఆమెను అడిగాను.

“పొద్దంతా ఒళ్లో తువ్వాలు కప్పుకోని వేళ్లు నొక్కుకుంటాండాడు గదా, మీరు సూడలేదా?”

చూశాను. వణుకు అనుకున్నాను.

అప్పటినుంచి రెండు పూటలా అదే బేరం. నేను పక్కనే కూర్చుని చూసేవాడిని. బడికి ఆలస్యమైన రోజులూ ఉన్నాయి. ఆయన మతిలోంచి కొడుకు పేరు పోయింది. మా అమ్మ చనిపోయిన సంగతి పోయింది. పొద్దూ మాపూ తేడా పోయింది. మరి బేరం ఎందుకు మిగిలింది? అది ఆయన తలలో కాక వేళ్లలో ఉండేదా? ఒప్పుకున్న లెక్కకు ఒక్క ముద్ద అటూ ఇటూ కానిచ్చేవాడు కాదు. ఒకసారి ఆమె ముద్ద పెద్దది చేసింది. ఆయన దాన్ని ఎగాదిగా చూశాడు.

“తూకంలో మోసం సేస్తాండావమ్మా.”

“శానా గట్టోడివి మామా,” అని ఆమె నవ్వి సగం తీసేసింది.

నెల తిరిగేసరికి ఆయన దవడలు కాస్త నిండాయి.

ఆ వేసవిలో ఎమ్మిగనూరు నుంచి మా మేనత్త, నాయన చెల్లెలు, అన్నను చూసుకుని కొన్నాళ్లు ఉండాలని వచ్చింది. వచ్చిన పూటే తువ్వాలు చూసింది.

“ఏమిరా, కోడలు మామ సెయ్యి పట్టుకోని గుడ్డ కప్పుకునేదేంది? యాడన్నా ఉందా ఈ సోద్యం?”

“అన్నం తినిపిచ్చేకి అత్తా,” అంది నా భార్య.

“మేమూ తినిపిచ్చినాం లేమ్మా. మాకెవురికీ గుడ్డలు కావాల్సి రాలేదు.”

ఆ మాట నన్ను కుట్టింది. ఊరికి పోయి ఏం చెబుతుందో అనుకున్నాను. వంటింట్లోకి పోయి, “అత్త ఉన్నన్నాళ్లు మానెయ్,” అన్నాను.

“మామ తినడు.”

“నేను పెడతాను.”

“వేళ్లు తెలుసునా మీకు?”

తెలియవు. ఆమె అక్కడే నా చేయి పట్టి చూపించింది. “అంత గట్టిగా నొక్కితే ఎద్దు గూడా బెదురుతాది,” అంది కాని, నవ్వలేదు.

ఆ సాయంత్రం తువ్వాలు కప్పుకుని నాయన ముందు కూర్చున్నాను. ఎనిమిదని నొక్కాననుకున్నాను. ఆయన వేళ్లు నా వేళ్లను తడిమి ఆగిపోయాయి. చేయి బయటికి తీసి, తువ్వాలు మడిచి నా ఒళ్లో పెట్టాడు.

“నీకు సరుకు కొనే పని లేదు సేటూ. ఊరికే ధర కనుక్కునేకి వచ్చినావు. ఆయమ్మ యాడ? ఆయమ్మను పిలువు.”

పిలవలేదు. అత్త మంచం మీద కూర్చుని చూస్తోంది. మరునాడూ పిలవలేదు, ఆ మరునాడూ పిలవలేదు. ఆయన కాసింత మజ్జిగ తాగేవాడు, అంతే. నేను పళ్లెం పట్టుకుని కూర్చునేవాడిని. వంటింటి గడపలో నా భార్య నిలబడి ఉండేది. రమ్మంటే చాలు, వచ్చేది. నేను అనలేదు.

“పాపం మాయన్న, జబ్బు ముదిరినాదిరా,” అని అత్త కళ్లు తుడుచుకుంది. ఔనన్నాను. ఆమె చూసింది కొడుకు తండ్రి ముందు పళ్లెంతో కూర్చోవడం. ఊరికి పోయి అదే చెప్పింది.

వారం తర్వాత ఆమెను బస్సెక్కించి ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ తువ్వాలు కింద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నాయన గోడకు ఆనుకుని ఉన్నాడు. లేచి గుమ్మం దాకా పోవడం ఈసారి లేదు. ఆమె పది నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి ఐదుకు దిగింది. ఆయన రెండు దగ్గరే ఉన్నాడు.

“మామా, నేను ఇంత దిగినా గదా. నువ్వు గూడా ఒగటి ఎక్కు.”

మూడుకు చేయి ఊపాడు. మూడు ముద్దలు తిని పడుకున్నాడు.

తర్వాతి నెలల్లో ఆమె ఓపికగా ఆయనను ఐదు దాకా తెచ్చింది. పోయేవరకూ ఎనిమిదికి మళ్లీ రాలేదు. తిండి ఎందుకు తగ్గిందని డాక్టరు అడిగినప్పుడు, జబ్బు ముదిరిందని చెప్పింది నేనే. నా భార్య పక్కనే ఉంది.