వీపుకి ఆసరా

ఆఫీసులో ఆమెని అందరూ నక్షలక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఇంజనీర్లు చెప్పిన కాలువలూ కల్వర్టులూ గీసింది. సొంతంగా గీసింది ఒక్కటే. చెరువు వెంబడి నడిచే దారిలో జనం కాసేపు కూర్చునే చోటు. పైన ఒక కప్పు, ఒక కుళాయి, ఒక సిమెంటు బెంచీ, నీళ్ళ వైపు ఇనప రెయిలింగు.

బెంచీ ఎత్తు అమ్మ మోకాళ్ళు చెప్పినదే. ఇంట్లో ఉన్న పీటలూ స్టూళ్ళూ అన్నిటి మీదా అమ్మని కూర్చోబెట్టి లేపింది.

"ఈ వయసులో నాచేత గుంజీళ్ళు తీయిస్తున్నావుటే?"

అడుగున్నర ఎత్తు దగ్గర అమ్మ, చేతి ఊతం లేకుండానే లేచింది. "ఎత్తు సరే. వీపుకి ఆసరా ఏదీ?"

అందుకని బెంచీని రెయిలింగుకి ఆనించి గీసింది.

ఆ చోటు కట్టి తెరిచిన మర్నాడు అమ్మనీ, తమ్ముడి నాలుగేళ్ళ కూతురినీ తీసుకెళ్ళింది. అమ్మ కూర్చుని హాయిగా వెనక్కి వాలింది. "అత్తా, బాతు!" అంటూ పిల్ల బెంచీ ఎక్కి నిలబడింది.

నేల మీంచి రెయిలింగు మూడడుగులు. బెంచీ మీంచి అడుగున్నరే. పిల్లకి తొడల దాకా వచ్చింది.

పిల్ల వంగింది. పాదాలు లేచాయి.

గౌను చేతికి దొరికింది.

ఇల్లు చేరేదాకా ఆమె ఆ గుప్పిట విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంజనీరు ముందు నిలబడింది. ఉద్యోగం ఇంకా ఎనిమిదేళ్ళుంది.

"ఎవరూ పడలేదు కదమ్మా?"

"పడ్డాక చెప్పమంటారా సార్?"

"తప్పు నీదేనని రాసిస్తావా?"

రాసిచ్చింది. ఎన్నడూ గీత తప్పని చేయి, సంతకం దగ్గర వంకర పోయింది.

ఇంజనీరు ఫోను చేస్తే, వెల్డరు రేపొచ్చి రెయిలింగు పైన ఇంకో రెండు కమ్మీలు వేస్తానన్నాడు.

"మరి ఇవాళ, సార్?"

"ఇవాళ్టికి దేవుడున్నాడు."

ఆమె సెలవు చీటీ రాసి, అమ్మని వెంటబెట్టుకుని చెరువు దగ్గరికి వెళ్ళింది. అమ్మ బెంచీ మీద బారుగా పడుకుంది. బెంచీ అమ్మ కంటే రెండడుగులు పొడుగు. ఆ రెండడుగుల్లో తను కూర్చుంది.

ఓ బుడతడు వచ్చి చూశాడు. "బామ్మా, జరగవా?"

"జరగలేను నాన్నా, నడుం పట్టేసింది."

"ఎప్పటిదాకా?"

"రేపటిదాకా."

వాడు వెళ్ళిపోయాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. రెయిలింగు అవతల నీళ్ళు గట్టుకి తగులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

బడి వదిలే వేళయింది. దారి మలుపు నుంచి చిన్న చెప్పుల చప్పుడు. ఒక జత కాదు.

అమ్మ కాళ్ళు ఇంకాస్త చాపింది.