అంకె మీద రెండు నొక్కులు

మొన్న సాయంత్రం మా సీతమ్మధార అపార్టుమెంటు మీటింగులో సెక్రటరీ గారు లాప్‌టాప్‌ను టీవీకి తగిలించి, మౌస్‌ను టక్‌టక్‌మని రెండుసార్లు నొక్కారు. ఆ చప్పుడు వినగానే నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే కదిలింది. పక్క కుర్చీలో ఉన్నాయన "వేలు వణుకుతోందాండీ?" అని అడిగాడు పాపం. వణుకు కాదు, విద్య అన్నాను. నలుగురు వింటున్నారంటే నాకు నోరు ఆగదు. "ఈ విశాఖ రేవుకు పివట్ టేబుల్‌ను తెచ్చినవాణ్ణి నేనే. ఒక క్రేన్ ఆపరేటరు పరువును ఇదిగో, ఈ ఒక్క వేలితో నిలబెట్టాను" అని అక్కడికక్కడే ప్రకటించేశాను. ఇద్దరు ముగ్గురు గౌరవంగా చూశారు. మీటింగు అయ్యాక మెట్లెక్కుతుంటే మాత్రం కామేశ్వరి గారు గుర్తొచ్చారు. సిగ్గు అననుగాని, దాని పక్కింటిదేదో కలిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

పివట్ టేబుల్‌ను తెచ్చింది ఆవిడ. నేను తెచ్చింది టీ.

రేవులో ఓడల నుంచి సరుకు దింపే ఒక కంపెనీలో నేను గుమస్తాను. ఆవిడ మా రిపోర్టుల సెక్షన్‌కు పెద్దగా కాకినాడ నుంచి వచ్చారు. పొట్టి మనిషి, నేత చీర, ముక్కు కొసన కళ్ళజోడు. మా ఆఫీసు కిటికీలు ఎన్ని మూసినా ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము బల్లల మీద పరుచుకునేది. మేమంతా దాన్ని ఉఫ్‌మని ఊది పని మొదలుపెడితే, ఆవిడ రోజూ తడిగుడ్డతో కీబోర్డు తుడుచుకుని, చేతులు కడుక్కుని, అప్పుడు కూర్చునేవారు. వంట మొదలుపెట్టే మనిషిలా ఉండేవారు ఆ క్షణంలో. నాకేమో అప్పటికి కంప్యూటర్ అంటే గళ్ళు గీసిన టైపు మిషను. ఏ ఓడ వచ్చింది, ఏ క్రేన్ ఎన్ని టన్నులు దింపింది, ఎందుకు ఆగింది అని వరసగా కొట్టుకుంటూ పోయి, నెలాఖరుకు కాలిక్యులేటర్ పెట్టుకుని కూడేవాణ్ణి. ఆ దృశ్యం చూసి ఆవిడ ఒకరోజు నా పక్కకు కుర్చీ లాక్కున్నారు.

"సింహాచలం గారూ, ఫిషింగ్ హార్బర్‌లో వేలం ఎప్పుడైనా చూశారా అండి?"

"సూడకేటి మేడమ్! నాను పుట్టింది ఆ పక్కనే."

"బోటులోంచి దింపిన చేపలన్నీ ఒకటే కుప్ప. పాట పాడేవాడికి రకం కావాలి. ఓనరుకు తన బోటుకు ఎంత పడిందో కావాలి. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళకు ఏ రోజు ఎంత వచ్చిందో కావాలి. మరి చేపలేమైనా మారాయా?"

"నేదు మేడమ్."

"చూసేవాళ్ళు మారారు. అంతేనండి ఈ పివట్ టేబుల్ కూడా. కుప్పను కదపకుండా, కావలసిన వైపు నుంచి చూడడం."

అని, క్రేన్ పేరును లాగి ఎడమ పక్కన, షిఫ్టును పైన, టన్నులను మధ్యలో వదిలారు. నేను రెండు రోజులు కూర్చుని చేసే కూడికలన్నీ రెప్పపాటులో బారులు తీరి నిలబడ్డాయి. నేనూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈ విద్యను వారంలో నేర్చేసుకున్నానని చెప్పుకుంటూ ఉంటాను. వారం కాదు, ఎండలు పోయి వానలు పడ్డాయి. ఎందుకంటే ప్రశ్నను పైకి చెప్పనిదే ఆవిడ నన్ను మౌస్ ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు నోటితో చెప్పండి. అది లేకుండా లాగితే చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదండి" అనేవారు. ఒక్కోసారి నా దగ్గర ప్రశ్న ఉండేది కాదు. అప్పుడు నిజంగానే టీ తేవడానికి వెళ్ళేవాణ్ణి.

చార్టుల దగ్గరకు వచ్చేసరికి నాలో కళాకారుడు నిద్రలేచాడు. బొమ్మకు మందం, మందానికి నీడ, వెనకాల సముద్రం రంగు, ప్రతి కడ్డీకీ ఒక రంగు, చుట్టూ బంగారు అంచు. ఆవిడ చాలాసేపు చూశారు. "ఇది చార్టా సింహాచలం గారూ, పెళ్ళి పందిరా?" అన్నారు. తిట్టలేదు. నా పక్కన కూర్చుని అంచు తీసేశారు. "ఇప్పుడేమైనా తెలియకుండా పోయిందా?" అన్నారు. లేదన్నాను. నీడ తీసేశారు. "ఇప్పుడు?" లేదన్నాను. సముద్రం పోయింది, మందం పోయింది, రంగులు పోయి ఒక్క బూడిద రంగు మిగిలింది. ఈకలు పీకిన కోడిని చూసినట్టు చూశాను నా చార్టును. కానీ తొమ్మిదో నెలలో దిగుమతి పడిపోయిన సంగతి నాకు అప్పుడే కనబడింది. అంతవరకూ అది నా బంగారు అంచు పక్కన బుద్ధిగా దాక్కుని ఉంది. "రంగు ఒక్కటి ఉంచుకోండి. ఎక్కడ చూడాలో అక్కడ వెయ్యండి" అని లేచి వెళ్ళారు.

ఆ ఒక్క రంగే కొంప ముంచబోయింది. ఎర్రయ్య అని మా వీధివాడే, వరసకు బావ, మా కంపెనీలో క్రేన్ ఆపరేటరు. ఏ క్రేన్ ఎంతసేపు ఆగిపోతోందో పట్టిక కావాలని మేనేజరు గారు అడిగిన సమయానికి కామేశ్వరి గారు సెలవులో ఉన్నారు. నేనున్నాను కదా అనుకున్నాను. పెద్దవాళ్ళకు అర్థం కావాలని ప్రతి గడిలోనూ అంకె పక్కన "నిమిషాలు" అని ముచ్చటగా కొట్టాను. పివట్ టేబుల్ పైన ఏదో 'కౌంట్' అని వచ్చింది. అందంగా లేదని చెరిపి "ఆగిన సమయం" అని పెట్టాను. చార్టు వేస్తే ఎర్రయ్య నడిపే క్రేన్ కడ్డీ అన్నిటికన్నా ఎత్తుగా లేచింది. గురువాజ్ఞ ప్రకారం దానికి ఎరుపు వేశాను. బావ అనైనా ఒక్క క్షణం ఆగలేదు, చార్టు అంత బాగా వచ్చింది మరి.

మీటింగు రోజుకు ఆవిడ సెలవు నుంచి వచ్చి ఓ మూల కూర్చున్నారు. మేనేజరు గారు ఎర్రయ్యను పిలిపించారు. హెల్మెట్ చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఇతన్ని క్రేన్ మీంచి దించి యార్డులో వెయ్యండి. పని ఎగ్గొట్టేవాడని ఫైల్లో రాయండి" అన్నారు మేనేజరు గారు.

"ఆపినమాట నిజమే సార్" అన్నాడు ఎర్రయ్య. "సూసుకోకుండా ఎత్తీత్తే కింద మనుసులున్నారు కదా సార్."

"మిగతా క్రేన్ల కింద లేరా మనుషులు? నీ కిందే ఉన్నారా?"

ఎర్రయ్య నా వైపు చూడలేదు, తెర మీదున్న ఆ ఎర్ర కడ్డీ వైపే చూస్తున్నాడు. అప్పుడు కామేశ్వరి గారు "ఒక్క నిమిషమండి" అని లేచి వచ్చి మౌస్ అందుకున్నారు. ఎర్రయ్య క్రేన్ పక్కనున్న అంకె మీద టక్‌టక్‌మని రెండుసార్లు నొక్కారు. కొత్త కాగితంలా ఒక పేజీ తెరుచుకుంది. ఆ అంకె లోపల ఏమేమి ఉన్నాయో అన్నీ వరసగా వచ్చేశాయి. అలా అవుతుందని నాకే తెలియదు. ఆవిడ పైకి చదివారు. "వైరు రోప్ చూశాడు, అయిదు నిమిషాలు. బ్రేకు చూశాడు, అయిదు నిమిషాలు. లోడు కింద మనిషి నడిచాడు, ఆపాడు, రెండు నిమిషాలు." తర్వాత ఇంకో క్రేన్ అంకె మీద నొక్కారు. అందులో ఉన్నవి రెండు మూడు వరసలే. రోప్ తెగి షిఫ్టంతా పోయింది ఒకచోట, మోటారు కాలి షిఫ్టున్నర పోయింది ఇంకోచోట.

"ఇది ఆగిన సమయం కాదండి, ఆగినన్ని సార్లు" అన్నారు ఆవిడ. "మా సెక్షన్ పొరపాటు." గడుల్లోంచి "నిమిషాలు" అన్న మాటను ఒక్క దెబ్బకు తుడిచేసి, లెక్కింపును కూడికగా మార్చారు. కడ్డీలు తలకిందులయ్యాయి. ఎర్రయ్యది అన్నిటికన్నా పొట్టిదైపోయింది. మేనేజరు గారు కాసేపు గడ్డం గోక్కుని, ఫైల్లో ఏమీ రాయొద్దని, ఎర్రయ్య క్రేన్ మీదే ఉంటాడని అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.

వరండాలో ఆవిడ నాకు విడమరిచి చెప్పారు. "గడిలో మాట కలిపితే కంప్యూటర్‌కు అది అంకె కాదండి. మాటల్ని అది కూడలేదు, ఎన్నున్నాయో మాత్రం లెక్కపెట్టగలదు. పైన 'కౌంట్' అని మీకు చెప్పింది కూడా. మీరే చెరిపేశారు."

"అందంగా నేదని మేడమ్."

కళ్ళజోడు జారిపోయేలా నవ్వారు. "అందం పనయ్యాక అండి" అన్నారు. "అంకెను నమ్మే ముందు లోపలికి వెళ్ళి పలకరించి రండి."

కాబట్టి చూపుడువేలు ఆవిడది. నా వేలు చేసిందల్లా ఎరుపు వెయ్యడం. ఆవిడ రిటైరై కాకినాడ వెళ్ళిపోయారు. ఫోను చేస్తే ఇప్పటికీ "ప్రశ్నేమిటో చెప్పండి" అనే మొదలుపెడతారు. నాకు మిగిలింది ఆ పలకరించే అలవాటు. మొన్నటి మీటింగులో కూడా మూడో అంతస్తు వాళ్ళే నీళ్ళు ఎక్కువ వాడుతున్నారని సెక్రటరీ గారు చార్టు చూపిస్తే, లోపలికి వెళ్ళి చూడండి బాబూ అన్నాను. చూస్తే అక్కడ ఒక ఇంట్లో ఇద్దరు పసిపిల్లలూ, మంచం పట్టిన ముసలావిడా ఉన్నారు. ఇందులో మాత్రం అతిశయం లేదు.

ఇంతవరకూ రాసి, ఆదివారం పూర్ణా మార్కెట్ నుంచి వస్తూ మా ఇంటికి వచ్చిన ఎర్రయ్యకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని అంతా విన్నాడు.

"బాగా రాసావు బావా. ఒక్కకాడ తప్పు రాసీసావు."

"ఏటి తప్పు?"

"నన్ను క్రేన్ మీద ఉంచీసారని సంబరంగా రాసావు. ఉంచమని నానడిగానేటి? ఆ నిచ్చెన ఎక్కలేక అప్పటికే మోకాళ్ళు పీకేస్తన్నాయి. యార్డులో ఏసేత్తారంటే లోపల ఎంత సంబరపడ్డానో! పని ఎగ్గొట్టేవోడన్న మాట ఒక్కటే గుచ్చుకుంది. ఆ మాట మేడమ్ గారు తీయించీసారు, ఆవిడికి దండం. మీరేమో సప్పట్లు కొట్టీసి నన్ను మళ్ళా పైకెక్కించీసారు."

"మరి అప్పుడే సెప్పొచ్చు కదా బావా?"

"ఎవడికి సెప్పను? గదినిండా అంత మందున్నారు. ఒక్కడైనా 'ఎర్రయ్యా, నీకేటి కావాల' అని అడిగాడేటి?"