సైరన్ లేని పాట

ఇవాళ ఫోన్‌లో ఓ పాత సినిమా పాట వచ్చింది. రెండో చరణం దగ్గర, అలవాటు కొద్దీ, సైరన్ కోసం చెవులు రిక్కించాను.

భిలాయ్‌లో, మా మరోదా క్వార్టర్‌లో, అమ్మ ఆ పాటను తనే పాడి క్యాసెట్‌లో రికార్డు చేసుకుంది. మధ్యలో ఉక్కు ప్లాంటు సైరన్ మోగింది. అమ్మ ఆపలేదు. అది ఆగేదాకా రాగం తీస్తూనే ఉండి, తర్వాత చరణం అందుకుంది. ఆ క్యాసెట్టే వింటూ పెరిగిన నేను సైరన్ కూడా పాటలో భాగమే అనుకున్నాను.

చిన్నప్పుడు ఒకరోజు అమ్మతో వెళ్లిన క్యాసెట్ల కొట్లో, సినిమా గాయని పాడిన అసలు పాట వినబడింది.

"భయ్యా, యే ఖరాబ్ హై! సైరన్ నహీ హై!" అన్నాను, సైరన్ లేదు కాబట్టి క్యాసెట్ పాడైపోయిందనుకుని.

కొట్టతను తెల్లబోయాడు. అమ్మ పకపకా నవ్వింది.

"ఓలమ్మా, ఆవిడ పాడిన కాడ మన ప్లాంటు నేదే!"

ఆవిడ గొప్ప గాయనే, కాదనను. కానీ సైరన్‌తో పోటీపడి గెలిచింది మా అమ్మే.