ముక్క నల్లబడేదాకా

మా బావ ప్రభాకరరావు ఆగిరిపల్లిలో డాక్టరు. ఏ నొప్పి బిళ్ళనైనా సరే, మామిడిపండును అడక్కుండా నమ్మడు. అదీ ఆయన పిచ్చి.

బంగినపల్లి పండు కోసి రెండు ముక్కలు పళ్ళెంలో పెడతాడు. ఒకదానికి బిళ్ళ నూరి పూస్తాడు, రెండోది వట్టిది. ఇక రోగీ డాక్టరూ కలిసి వాటిని చూస్తూ కూర్చోవాలి.

"గాలి తగిలితే ముక్క నల్లబడుతుందా? వాచిన కీలు లోపలా అదే గొడవరా! ముక్కని కాపాడలేని బిళ్ళ మోకాలినేం కాపాడుతుంది?" అనేవాడు.

ఓసారి మా అక్క నిమ్మరసం పూసిన ముక్క తెచ్చి పక్కన పెట్టింది. బిళ్ళలన్నీ చిత్తుగా ఓడిపోయాయి. "ఆ నిమ్మకాయ పేరున బోర్డు కట్టి, మీరు ఇంట్లో కూర్చోండి" అంది.

అరవై రెండో సంవత్సరం ఎండాకాలం, కాయకోతల రోజులు. సెలవులకని నేను బావ దగ్గరే ఉన్నాను. తోటలో బుట్టలు మోసే నాగేంద్రమ్మ వాచిన మోకాలితో కుంటుకుంటూ వచ్చింది. వెనకే తోట యజమాని బసవపున్నారావు.

"ఓ బిళ్ళ పడేయండి డాక్టరుగారూ, లారీ నిలబడుంది. ఈవిడ మొయ్యలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటా."

నాగేంద్రమ్మ మొహం పాలిపోయింది. కోతల్లో పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"పరీక్ష చెయ్యాలండీ. మీ తోట పండు మీదే చేస్తా. మైలవరం పండు నిన్న ఇట్టే నల్లబడింది. మీదెంతసేపు నిలుస్తుందో చూద్దాం" అన్నాడు బావ.

అంతే! పున్నారావు లారీ సంగతే మరిచిపోయి కుర్చీ లాక్కున్నాడు. ఎవరి మోకాలు ఏమైతే ఆయనకేం, మైలవరం ఓడిపోవాలి! నాగేంద్రమ్మ బల్లమీద కాళ్ళు చాపుకుని మిగిలిన పండు తింది.

పున్నారావు చుట్ట కాల్చుకోవడానికి బయటికెళ్ళినప్పుడల్లా బావ పాత ముక్కలు నోట్లో వేసుకుని కొత్తవి పెడుతున్నాడు. బిళ్ళ పూసిన ముక్క చేదుకి ఆయన మొహం చూడాలి!

"ఇదేం మోసం బావా?" అన్నాను.

"నోర్ముయ్. పండు తినగానే ఆవిడకి బిళ్ళ వేశా. ఇక కావలసింది విశ్రాంతి. ఆ మాటంటే పనిలోంచి తీసేస్తాడు. పరీక్ష అంటే కూర్చోబెట్టి కూలి ఇస్తాడు."

ఆ క్షణాన మా బావ నాకు భలే ముద్దొచ్చాడు.

సాయంత్రానికీ ముక్క పసుపుపచ్చగా మెరుస్తోంది. "అదీ నా పండు!" అని పున్నారావు తొడ చరిచాడు. "రేపూ ఎల్లుండీ కూడా ఈ పరీక్ష జరగాల్సిందే. ఆవిడ కూలి నేనిస్తా!"

నాగేంద్రమ్మ పమిటకొంగు నోటికడ్డం పెట్టుకుని మెల్లగా అడిగింది, "డాక్టరుగారూ, రెండో మోకాలికి కూడా పరీక్షుందాండీ?"

"తప్పకుండానమ్మా" అని బావ గంభీరంగా కత్తి నా చేతిలో పెట్టాడు. రేపటి చేదు ముక్కలు మింగే వంతు నాదేనని అప్పుడర్థమైంది.