స్టెప్నీ గురించి శనివారం రాసిన మాట

రెండేళ్ల కిందట మార్చి నెల మొదటి సోమవారం నేను ఒక నీళ్ల ట్యాంకరు మీద రికార్డు గుమాస్తాగా చేరాను. అనంతపురం నుంచి శింగనమల పోయే దారిలో మా యజమాని షెడ్డు ఉండేది. సైన్యం వేలంలో అమ్మిన పాత లారీని ఆయన కొని, వెనక తొట్టి తీసేసి నీళ్ల ట్యాంకు బిగించారు. బోర్లు ఎండిన పల్లెలకు నీళ్లు తోలడం మా పని. ఏ పల్లెకు ఎన్ని గంటలకు చేరామో రాసి, అక్కడ ఒకరి చేత సంతకం పెట్టించుకోవడం నా వంతు. ఈ మధ్యనే ఆ లారీ తుక్కుకు పోయింది. దాంతో నా ఉద్యోగమూ ముగిసింది. ఇరవై ఆరేళ్లకు ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం కాస్త తొందరే. కానీ అలాంటి బండిని దగ్గరగా చూసినవాళ్లు తగ్గిపోతున్నారు కాబట్టి రాస్తున్నాను.

డ్రైవరు మస్తాన్ గారు సైన్యంలో ఇరవై ఏళ్లకు పైగా వాహనాలు నడిపి, హవల్దారుగా పదవీ విరమణ చేసినవారు. నేను సార్ అనేదాన్ని. పల్లెల్లో అందరికీ ఆయన మస్తానన్న. మొదటి రోజే నా చేతికి ఒక పొడుగాటి పుస్తకం ఇచ్చారు. సైన్యంలో ప్రతి బండికీ ఇలాంటిది ఒకటి ఉంటుందట. లారీదైనా సరే, దాన్ని కార్ డైరీ అనే అంటారట. పొద్దున బండి తీసే ముందు చేసే తనిఖీ ఫస్ట్ పరేడ్, సాయంత్రం చేసేది లాస్ట్ పరేడ్. ఇంజను నూనె, రేడియేటరులో నీళ్లు, బ్యాటరీలు చూడాలి. చక్రాల నట్లను సుత్తితో ఒక్కొక్కటే తట్టాలి. బిగువుగా ఉన్న నట్టు ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. బ్రేకులు గాలితో పనిచేసేవి కాబట్టి, మీటరులో ముల్లు గుర్తు దాటేదాకా బండిని కదపకూడదు. ఆయన చూసి చెప్పేవారు, నేను రాసేదాన్ని.

"రాయకుండా బండి కదల్దు పాపా," అనేవారు.

నాకు నలుగురిలో గొంతు పెగలదు. రాయమంటే మాత్రం ఎంతైనా రాస్తాను. ఆ ఉద్యోగం నాకు నచ్చింది అందుకే.

జరిగింది చెప్పే ముందు ఆ లారీ చక్రం గురించి చెప్పాలి. అది ఒకే ముక్క కాదు. టైరు, ట్యూబు ఎక్కించాక అవి ఊడిపోకుండా, ఇనుప చక్రం అంచున ఉన్న గాడిలో ఒక ఉక్కు చుట్టు కూర్చోబెడతారు. దాన్ని లాక్ రింగు అంటారు. లోపలి గాలి ఒత్తిడిని ఆపేది అదే. గాడిలో సరిగ్గా కూర్చోకపోతే, గాలి నిండేకొద్దీ అది ఎగిరి ఎదురుగా ఉన్నవాడి ముఖం పగలగొడుతుంది. అందుకే గాలి పట్టే ముందు చక్రానికి గొలుసు చుట్టాలి. పొడవాటి పైపు పెట్టి పక్కకు నిలబడాలి. గాలి ఎక్కుతుండగా రింగును సుత్తితో కొట్టకూడదు. ఇవన్నీ మస్తాన్ గారే నాతో పుస్తకం అట్ట లోపల రాయించారు.

మే నెలలో ఒక శనివారం, లాస్ట్ పరేడ్‌లో, అదనంగా మోసే స్టెప్నీ చక్రం లాక్ రింగు ఒక చివర లేచి ఉండడం ఆయన చూశారు. గాలి తీసేసి, నాచేత రాయించారు. కొత్త రింగు అనంతపురం నుంచి రావాలి. సోమవారం పొద్దుటికి రాలేదు. అయినా బయల్దేరక తప్పలేదు. శింగనమల అవతల గుట్ట మీది పల్లెలో బోరు మోటారు కాలి మూడు రోజులైంది.

సగం దారిలో ఒక రాయి గుచ్చుకుని వెనక టైరు చీలిపోయింది. నిండు ట్యాంకుతో మెల్లగా ఈడ్చుకుంటూ రోడ్డు పక్కన ఓబులేసు పంక్చరు షాపు చేరాం. అంతలో, ఆ పల్లెలో మా పుస్తకంలో సంతకం పెట్టే నాగమ్మ ఫోను చేసింది. ఆమె గొంతు నాకూ వినబడింది.

"మస్తానన్నా, యాడుండావు? పిల్లోళ్లకు తాపను కూడా నీళ్లు ల్యావు."

"వస్తాండామ్మా, గంటలో ఆడుంటా," అన్నారాయన.

ఫోను పెట్టేసి స్టెప్నీ వైపు చూశారు. ఓబులేసు దాన్ని కింద పడేసి, రింగు మీద రెండు దెబ్బలు వేశాడు.

"కూర్చుంటాది లేన్నా. గుట్ట ఎక్కి దిగడానికి ఏమైతాది?"

మస్తాన్ గారు వద్దనలేదు. గొలుసు టూల్ పెట్టెలోనే ఉండిపోయింది. ఓబులేసు గాలి పైపు తగిలించి, చక్రం మీదికి వంగి కూర్చుని, మళ్లీ సుత్తి ఎత్తాడు.

వద్దు అనే మాట నాకు రాలేదు. ఇరవై ఏళ్లు బండ్లు చూసిన మనిషికి నేనేం చెప్పేది? పుస్తకం తెరిచి శనివారం పేజీ చదివాను. కంప్రెసర్ మోతలో ఎవరికీ వినబడలేదు. లేచి నిలబడి మళ్లీ చదివాను.

"శనివారం, లాస్ట్ పరేడ్. స్టెప్నీ లాక్ రింగు ఒక చివర లేచింది. కొత్తది వచ్చేదాకా గాలి పట్టకూడదు. చెప్పినది మస్తాన్."

"ఏంది పాపా, బళ్లో పాఠం చదువుతాండావా?" అని ఓబులేసు నవ్వాడు.

మస్తాన్ గారు నవ్వలేదు. "ఓబులేసూ, మోటారు ఆపు."

"అయిపోయిందన్నా, ఇంగ రొంత..."

"ఆపు అంటాండా. ముందు నువ్వు పక్కకు రా ప్పా."

ఆయన పక్క నుంచి చెయ్యి చాచి వాల్వు విప్పారు. గాలంతా పోయాక రింగు ఊడదీశారు. దాని కింద జానెడు మేర గాడి తుప్పు తిని చదునైపోయింది. ఓబులేసు అక్కడ గోరు పెట్టి చూశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. అతను ముఖం పెట్టుకుని కూర్చున్నది సరిగ్గా దానికి ఎదురుగానే.

"ఈడ గాడే లేదు కదన్నా," అన్నాడు.

స్టెప్నీ టైరును విప్పి, చీలిన టైరు తాలూకు మంచి చక్రానికి, దాని రింగుతోనే ఎక్కించారు. ఈసారి గొలుసు చుట్టారు. ఓబులేసు రెండడుగులు ఎక్కువే దూరం జరిగి గాలి పట్టాడు. మొత్తం రెండు గంటలు పట్టింది.

పల్లెలో బిందెల వరుస రోడ్డు దాకా ఉంది. నాగమ్మ ముందుకొచ్చింది.

"గంట అంటివే. యాడన్నా చెట్టు కింద పండుకొని వచ్చినావా?"

"నన్నెందుకు అంటావు? బండి ఆపింది ఈ పాప," అన్నారు మస్తాన్ గారు. నేను తల వంచుకున్నాను. ఆయనే మళ్లీ, "ఆపింది కాబట్టే వచ్చినా," అన్నారు. ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పారు.

నాగమ్మ ట్యాంకు దగ్గరికి నడిచింది. కొళాయి తిప్పి, తన బిందె కంటే ముందు ఒక చెంబు నింపి నా చేతికిచ్చింది. మూడు రోజులుగా నీళ్ల కోసం చూస్తున్న మనిషి ఇచ్చిన చెంబు అది. ఈ రోజుకీ ఆమెను తలుచుకుంటాను.

ఆ సాయంత్రం లాస్ట్ పరేడ్‌లో మస్తాన్ గారు నా చేతిలో కలం తీసుకుని తనే రాశారు. సైన్యంలో ఎక్కువగా హిందీలో రాసిన చెయ్యి కదా, తెలుగు అక్షరాలు ఒక్కోటీ ఒక్కో వైపు వాలాయి. "ఆలస్యం రెండు గంటలు. కారణం: నేను మరిచినాను. పాప చదివింది." రాసి కాసేపు దాన్నే చూశారు.

"మరిచిపోలే పాపా. మరిచినట్ల చేసినా. అది ఇంకా పెద్ద తప్పు."

'మరిచినాను' కొట్టేసి 'తొందరపడినాను' అని రాసి సంతకం చేశారు. నేను చూసిన పైవాళ్లలో తన తప్పును తనే కాగితం మీద పెట్టినవారు ఆయన ఒక్కరే. మర్నాటి నుంచి ఫస్ట్ పరేడ్‌కు ఒక పని కలిసింది. కొత్త పేజీ రాసే ముందు, పాత పేజీల్లో ఇంకా సరిచేయని లోపాలన్నీ నేను గట్టిగా చదవాలి. లారీ తుక్కుకు పోయిన రోజు దాకా చదివాను.

లోపం చూసి రాసినంత మాత్రాన ఆ పని పూర్తి కాదు. బండి కదిలే ముందు, అందరికన్నా తొందరలో ఉన్న మనిషికి వినబడేలా దాన్ని చదవాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అది.