వాల్వు మీది సున్నపు చుక్క

మా మనవరాలు ఇంట్లోనే కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీలకు బొమ్మలు వేసి పంపుతూ ఉంటుంది. ఉద్యోగం కాదు, ఏ పనికా పని ఒప్పుకుని చేయడమే. మొన్న కాఫీ పట్టుకెళ్లి పక్కన నిలబడితే కంప్యూటరు మూలన ఏదో మెరిసి మాయమైంది. ఏమిటమ్మా అని అడిగితే, తను పని చేస్తోందో లేదో తెలియడానికి పది నిమిషాలకోసారి దానంతటదే తెరను ఫొటో తీసి వాళ్లకు పంపుతుందని చెప్పి నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. ఇల్లిల్లూ తిరిగి చేతిపనితో బతికినవారు నా ఈడువాళ్లలో ఎవరైనా ఉంటే, నా ఒళ్లెందుకు జలదరించిందో వారికి వేరే చెప్పనక్కర్లేదు.

అరవైల చివరి సంవత్సరాలవి. విజయనగరంలో ఒక దుకాణంలో రేడియోల మరమ్మతు నేర్చుకుని, సొంతంగా కొట్టు పెట్టే స్తోమత లేక, సైకిలుకు గుడ్డసంచీ తగిలించుకుని చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాణ్ణి. అప్పటి రేడియో అంటే పెద్ద కొయ్యపెట్టె, లోపల బల్బుల్లాంటి గాజు వాల్వులు. కరెంటు లేని ఊళ్లలో ఇటుకంత బ్యాటరీతో పలికేది. వెనక పలక విప్పితే లోపలున్నదేమిటో ఇంటివాళ్లకు తెలియదు, మాకు తెలుసు. అనుమానమంతా అక్కడే పుట్టేది. మంచి వాల్వు లాగేసి పాతది పెట్టేస్తారని మా పనివాళ్లందరి మీదా ఒక మాట ఉండేది. మా మేనమామ సైతం నన్ను సాగనంపుతూ, "ఒరే, ఎల్లినప్పుడూ వచ్చినప్పుడూ సంచీ ఇప్పి సూపించు. ఆళ్లు అడక్కముందే సూపించు" అనేవాడు.

ఒకనాడు రామతీర్థం దారిలోని ఒక ఊరి నుంచి, రేడియో మూగబోయిందని ఒక పెద్దరైతు కబురు పంపాడు. నేను వెళ్లగానే ఆయన నా సంచీ అరుగు మీద బోర్లించి పనిముట్లన్నీ లెక్కపెట్టాడు. తరువాత నాచేత పలక విప్పించి, నాలుగు వాల్వుల మీదా స్వయంగా సున్నంతో చుక్కలు పెట్టాడు. అంతటితో ఆగక, తను పొలం వెళ్లవలసి ఉండడంతో తల్లిని తెచ్చి నా ఎదురుగా కాపలా కూర్చోబెట్టాడు. నాకు మాత్రం చాపైనా వేయలేదు, దాహమా అని ఎవరూ అడగలేదు.

ఆ ముసలమ్మ కన్నార్పకుండా నా చేతులనే చూస్తూ కూర్చుంది. ఎవరైనా అలా చూస్తూంటే తప్పు చేయనివాడి చేతులు కూడా తడబడతాయి. కాసేపటికి, "బాబూ, నువ్వేటి తీసినా నా సేతికియ్యి" అంది. విప్పిన వాల్వునల్లా ఆమె ఒళ్లో పెట్టి, నేను కుంపటి మీదికి వంగి నిప్పులు ఊదుతూ టంకం పెట్టే కడ్డీ కాల్చుకున్నాను. అలా కూర్చోగా కూర్చోగా ఆమె మాట కాస్త మెత్తబడింది. మీ అమ్మ ఉందా, పొద్దున్న ఏమైనా తిన్నావా అని అడిగింది. చివరికి ఊడిపోయిన తీగ ఒకటి కనబడితే అతికించి, వాల్వులు యథాస్థానాల్లో పెట్టి మీట తిప్పేసరికి రేడియో పలికింది.

సరిగ్గా అప్పుడే రైతు పొలం నుంచి వచ్చాడు. పాటైనా వినకుండా పెట్టె వెనక్కి వంగి చూశాడు. మూడు వాల్వుల మీదే చుక్కలున్నాయి.

"ఇది నాది కాదు. మార్సీసినావు" అంటూ నా సంచీ లాక్కున్నాడు. ఇరుగుపొరుగు పోగయ్యారు. ఈ మాట చీపురుపల్లి సంతకు చేరితే ఇక ఏ గుమ్మంలోనూ నాకు పని దొరకదు. వాల్వులు ఆమె ఒళ్లో పెట్టానని చెప్పవచ్చు గాని, నేరం ముసలమ్మ మీదికి తోసినట్టవుతుందని నోరు రాలేదు. ఆమేమో తల వంచుకుని ఉంది. కొడుకు ముందు ఈమె నిజం చెప్పదులే అని, నన్ను శంకించినవాళ్ల లాగే నేనూ ఆమెను శంకించాను.

"ఒరే, ఆ సుక్క నాను తుడిసీసినాన్రా" అంది ఆమె చివరికి, కొంగుకు అంటిన తెల్లటి మరక చూపిస్తూ. "మాసిపోనాదనుకుని తుడిసినాను. కాపలాకి నన్నే కూకోబెట్టినావు గదా, ఇప్పుడు నా మాట నమ్మవేటి? నా ఒంటి మీద కూడా సుక్కెడతావేటి?"

ఆయన ఒక్కొక్క పనిముట్టూ తన చేత్తో సంచీలో సర్ది, సైకిలుకు తగిలించాడు, అంతే. ఆమె లోపలికి వెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చి, "తాగెల్లు బాబూ" అంది. నేను తల అడ్డంగా ఊపి సైకిలెక్కేశాను.

కొన్ని నెలలకు ఆ ఇంటి నుంచే మళ్లీ మనిషి వచ్చాడు. నా సంచీ ఎవరూ ముట్టుకోకూడదు, కూర్చోడానికి చాప వేయాలి, అలాగైతేనే వస్తానన్నాను. అంత ధైర్యం నాకెక్కణ్ణుంచి వచ్చిందో. వెళ్లేసరికి చాప పరిచి ఉంది. పని చేస్తున్నంతసేపూ నా చూపు లోపలి గుమ్మం వైపే పోయేది. ఆమె కాలం చేసిందని లేచి వచ్చేటప్పుడు చెప్పారు. ఆ తరువాత ఏ ఇంటికి వెళ్లినా ఆ రెండు షరతులూ పెట్టాను. కొందరు తిప్పి పంపారు, కొందరు చాప వేశారు.

ఆ రోజుల్లో అనుమానించడానికైనా ఒక మనిషి పొద్దంతా ఎదురుగా కూర్చోవలసి వచ్చేది. చేతులు చూడడానికి కూర్చున్న మనిషి నెమ్మదిగా ముఖం కూడా చూసేది. ఇప్పుడు ఎవరికీ ఆ శ్రమ లేదు, ఆ తీరికా లేదు. అంతమందిలో నా పక్షాన మాట్లాడిన ఆ ఒక్కమనిషి పేరేమిటని నేను కూడా అడగలేదు.